గిటార్ల హోరులో పాట మునిగిపోకుండా: రాక్, మెటల్ మిక్సింగ్ మార్గదర్శి

మొదటిసారి ఒక మెటల్ పాటను (రాక్‌లో గిటార్లు హోరెత్తే బరువైన రకం) పూర్తిగా మిక్స్ చేసి, అంటే విడివిడిగా రికార్డు చేసిన వాద్యాలనూ గొంతునూ కలిపి, కర్నూలు నుంచి నంద్యాల వెళ్తూ కారులో పెట్టాను. గిటార్లు రెండు పక్కలా కోటగోడల్లా నిలబడ్డాయని లోలోపల మురిసిపోతున్నాను. వెనక సీటులో కూర్చున్న మిత్రుడి తల్లి రెండు నిమిషాలు ఓపికగా విని, "ఇది ఏ భాష పాట నాయనా?" అని అడిగారు. పాట అచ్చ తెలుగు. రాసింది ఆమె కొడుకే.

ఆ తర్వాత అదే పాటను ఏడుసార్లు మళ్ళీ మిక్స్ చేశాను. ఆ ఏడు ప్రయత్నాల్లో నేర్చుకున్నదాన్ని చేయాల్సిన వరుసలో ఇక్కడ పెడుతున్నాను. ఒక ల్యాప్‌టాప్, ఒక ఆడియో ఇంటర్‌ఫేస్ (గిటార్‌ను ల్యాప్‌టాప్‌కు కలిపే పెట్టె), ఒక ఎలక్ట్రిక్ గిటార్, హెడ్‌ఫోన్లు, వీలైతే రెండు స్పీకర్లు ఉంటే చాలు. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ రీపర్ అయినా మరొకటి అయినా పద్ధతి మారదు.

ఒక్క మాట ముందే చెప్పాలి. విడిగా విన్నప్పుడు ఒళ్ళు జలదరింపజేసే గిటార్ శబ్దం పాటలో కలిపితే తరచుగా పనికిరాదు. పాటలో గిటార్‌కు మనం వినే బరువులో సగం బేస్ గిటార్‌దే, దెబ్బలో కొంత డ్రమ్స్‌ది. ఈ అప్పును గుర్తించనివారు గిటార్‌ను లావు చేస్తూ పోతారు, మిగతావన్నీ దాని కింద నలిగిపోతాయి. సోలో బటన్ (ఒక్క ట్రాకునే విడిగా వినిపించేది) మీద వేలు పెట్టే ముందు ఈ సంగతి తలచుకోండి.

1. ముందు గది సంగతి

మా ఇల్లు పాతది. నేలంతా బేతంచెర్ల బండలు. వేసవిలో కాళ్ళకు హాయిగా ఉంటుంది గానీ, శబ్దానికి మాత్రం ఆ నేల అద్దం లాంటిది. చప్పట్లు కొడితే గదంతా తిరిగి మోగుతుంది. నా గది పొడవు 10 అడుగులు. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది కాబట్టి, అంత దూరంలో ఉన్న ఎదురెదురు గోడల మధ్య 56 హెర్ట్జ్ దగ్గర ఒక స్థిర తరంగం నిలుస్తుంది. దానికి రెట్టింపు, అంటే 112 దగ్గర ఇంకొకటి. గది నట్టనడుమ కూర్చుంటే మొదటిది దాదాపు వినిపించదు, రెండోది ఉన్నదానికన్నా పెద్దగా వినిపిస్తుంది. నేను నట్టనడుమే కూర్చునేవాణ్ణి. తర్వాతి ఒక ప్రయత్నంలో, గిటార్లు కుండలో మోగినట్టు గుబగుబలాడుతున్నాయని ఆ 112 దగ్గర 6 డెసిబెళ్ళు తెగ్గోశాను. ఆ గుబగుబ గిటార్లది కాదు, గదిది. కారులో గిటార్లు ఎండిన చెరకు పిప్పిలా వినిపించాయంటే ఆశ్చర్యం ఏముంది?

గది పొడవులో, ఎదుటి గోడ నుంచి సుమారు 38 శాతం దూరంలో తల ఉండేలా కూర్చోండి. 10 అడుగుల గదిలో అది నాలుగు అడుగులకు కాస్త తక్కువ. రెండు స్పీకర్లూ మీ తలా సమభుజ త్రిభుజంలా ఉండాలి. వెనక గోడకు, మూలలకు మందమైన పత్తి పరుపులు నిలబెట్టండి. ఆదోని పత్తి మార్కెట్ పక్కనే ఉన్న మనకు పత్తి పరుపు దొరకకపోవడమనే ప్రశ్నే లేదు. పల్చటి దుప్పటి గోడకు వేలాడదీస్తే సరిపోదు. అది పై శబ్దాలను మాత్రమే మింగి, కింది గుబగుబను అలాగే వదిలేస్తుంది, గది మునుపటికన్నా మోసగిస్తుంది. పరుపులు కూడా 100 హెర్ట్జ్ కింద పెద్దగా ఏమీ చేయలేవు. ఆ ప్రాంతంలో తీసుకునే నిర్ణయాలను హెడ్‌ఫోన్లలో సరిచూసుకోండి.

మామూలుగా మాట్లాడుకునే గొంతు వినిపించేంత వాల్యూమ్‌లోనే పని చేయండి. శబ్దం పెద్దదైతే బేస్, పై శబ్దాలు మన చెవికి మరింత నిండుగా తోస్తాయని 1933లోనే ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చూపించారు. పెద్దగా పెట్టి వింటే ఏ మిక్స్ అయినా బాగుందనే అనిపిస్తుంది.

2. కరెంటు, తీగలు, శ్రుతి

మన కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. గిటార్ పికప్ (తీగ కంపనాన్ని పట్టే అయస్కాంత భాగం) ఆ 50నీ, దాని గుణిజాలైన 100, 150లనూ పట్టుకుంటుంది. డిస్టార్షన్, అంటే గిటార్‌ను కరుకుగా చేసే శబ్ద వికృతి, వాటిని ఊదరగొడుతుంది. రెండు తీగచుట్టలను ఒకదానికొకటి వ్యతిరేకంగా కలిపి ఈ హమ్‌ను (కరెంటు మోతను) రద్దు చేసే హంబకర్‌ను గిబ్సన్ సంస్థలో సెత్ లవర్ 1955లో రూపొందించాడు. మెటల్‌కు అది ఉన్న గిటార్ వాడితే సగం తలనొప్పి పోతుంది. సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్ట ఉన్న) గిటార్ అయితే కుర్చీ తిప్పుకుంటూ హమ్ తక్కువగా ఉండే దిక్కు వెతకండి. వాస్తు చూసినట్టే ఉంటుంది, కానీ పనిచేస్తుంది.

రెండు దొంగలు మాత్రం చాలా ఇళ్ళలో ఉంటాయి. ఒకటి ల్యాప్‌టాప్ ఛార్జర్. దాన్ని తీసి బ్యాటరీ మీద రికార్డు చేయండి. రెండోది సీలింగ్ ఫ్యాను ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్. వీటిలో ఒక రకం కరెంటు తరంగాన్ని మధ్యలో కోసి వేగం తగ్గిస్తుంది, ఆ కోతే పికప్‌లో జుమ్మని మోగుతుంది. ఫ్యానును పూర్తి వేగంలో పెట్టినా, పూర్తిగా ఆపినా ఆ మోత చాలావరకు పోతుంది. కర్నూలు మే నెలలో ఏది ఎంచుకుంటారో మీ ఇష్టం. కరెంటు పోయినప్పుడు చవక ఇన్వర్టర్ మీద మాత్రం రికార్డు చేయకండి. దాని చదరపు తరంగం ఇంకా ఘోరం.

ఎండకు తీగలు సాగి శ్రుతి దిగుతుంది. ప్రతి టేక్‌కు (ఒకసారి వాయించి రికార్డు చేయడానికి) ముందు ట్యూనర్ చూడండి. ఇది చాదస్తం కాదు: డిస్టార్షన్‌లో రెండు తీగలు కొద్దిగా తేడాగా ఉన్నా వాటి మధ్య పుట్టే అలజడి బాగా పెరుగుతుంది, ఏ ఈక్యూ (శబ్దంలో ఒక్కో ప్రాంతాన్ని పెంచి తగ్గించే సాధనం) దాన్ని బాగుచేయలేదు. శ్రుతి దించి వాయించేవారు తీగల గేజు (మందం) కూడా పెంచాలి. ఫ్యాక్టరీ ప్రమాదంలో వేళ్ళ కొనలు పోగొట్టుకున్న బ్లాక్ సబ్బాత్ బృందం గిటారిస్టు టోనీ అయోమీ 1971 నాటికి మూడు స్వరస్థానాలు దించి వాయించాడు. తీగ వదులైతే ఆయన వేళ్ళకు సుఖం. మనకు ఆ ఇబ్బంది లేదు కనుక మందమైన తీగ వేసుకుని బిగువు కాపాడుకుందాం.

3. గెయిన్ తగ్గించండి

ఈ మార్గదర్శిలో ఒక్క అంచెనే గుర్తుపెట్టుకుంటానంటే, ఇదే పెట్టుకోండి. ఆంప్ (గిటార్ యాంప్లిఫయర్) అయినా, కంప్యూటర్‌లోని ఆంప్ సిమ్యులేటర్ అయినా, మీకు నచ్చినంత గెయిన్ (డిస్టార్షన్ పాళ్ళు) పెట్టుకుని, అక్కడి నుంచి మూడో వంతు వెనక్కి తిప్పండి. డిస్టార్షన్ అంటేనే తరంగం శిఖరాలను నలగ్గొట్టడం. ఎక్కువైతే పిక్ తీగను తాకే దెబ్బ చచ్చిపోయి, రిఫ్ (పదేపదే వచ్చే గిటార్ వరుస) మొత్తం ఒకే రకమైన ముద్ద అవుతుంది. ఒకే రిఫ్‌ను రెండుసార్లు వాయించి రెండు పక్కలా పెట్టినప్పుడు డిస్టార్షన్ దానంతటదే పెరిగినట్టు వినిపిస్తుంది. ఆ వాటా ముందే వదిలిపెట్టాలి.

మెటల్‌కు పాత చిట్కా ఒకటి ఉంది. ట్యూబ్ స్క్రీమర్ తరహా పెడల్‌ను (కాలితో నొక్కే డిస్టార్షన్ పెట్టెను) ఆంప్‌కు ముందు పెట్టి, దాని డ్రైవ్‌ను సున్నాకు, లెవెల్‌ను గరిష్ఠానికి తిప్పడం. ఆ పెడల్ కింది శబ్దాన్ని తగ్గించి 700 హెర్ట్జ్ చుట్టుపక్కల కాస్త ఉబ్బిస్తుంది. కింది శబ్దం డిస్టార్షన్‌లోకి వెళ్ళకముందే తగ్గితే పామ్ మ్యూట్ (అరచేతి అంచును తీగలకు ఆనించి వాయించడం) బిగువుగా వస్తుంది. తర్వాత ఈక్యూతో కోయడం దీనికి సాటి రాదు. బురద కలిసిన నీటిని వడపోయడం కన్నా బురద కలవకుండా చూడటమే మేలు కదా.

ఆంప్ కొనలేనివారికి న్యూరల్ ఆంప్ మోడలర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. దానితో పాటు స్పీకర్ క్యాబినెట్ గుణాన్ని పట్టుకున్న ఐఆర్ ఫైలు కావాలి. ఐఆర్ లేని డిస్టార్షన్ తేనెటీగల తుట్టెలా ఉంటుంది, ఎందుకంటే 12 అంగుళాల గిటార్ స్పీకర్ 5 కిలోహెర్ట్జ్ దాటాక పెద్దగా పలకదు. ఆ వడపోతే గిటార్ శబ్దానికి గిటార్ రూపం ఇస్తుంది. ఆంప్ మార్చడం కన్నా ఐఆర్ మార్చడం వల్లే శబ్దం ఎక్కువగా మారుతుంది. గంటసేపు వెచ్చించదగ్గ చోటు ఇదే. అయితే ఐఆర్‌ను డ్రమ్స్, బేస్, గొంతు మోగుతుండగా ఎంచుకోండి.

నిజమైన ఆంప్‌కు మైకు పెట్టేవారు షూర్ ఎస్ఎం57తో మొదలుపెట్టండి. 1965 నుంచి ఇదే పని చేస్తోంది. మైకును స్పీకర్ నడిబొడ్డున పెడితే శబ్దం గీరినట్టు ఉంటుంది, అంచుకు జరిపితే మెత్తబడుతుంది. రెండు మైకులు వాడితే దూరాలు సమానంగా ఉండాలి. వాటి మధ్య 17 సెంటీమీటర్ల తేడా ఉంటే శబ్దం అర మిల్లీసెకను ఆలస్యమై, 1000 హెర్ట్జ్ దగ్గర రెండూ ఒకదాన్నొకటి తినేస్తాయి.

4. రెండుసార్లు వాయించండి, నకలు చేయకండి

ఒకే టేక్‌ను కాపీ చేసి ఎడమ, కుడి పెట్టినంత మాత్రాన గిటార్ వెడల్పు కాదు. రెండు పక్కలా ఒకే తరంగం వస్తే మన చెవి దాన్ని నడుమనే వింటుంది, కొంచెం పెద్దగా, అంతే. కాపీని కొన్ని మిల్లీసెకన్లు జరిపితే వెడల్పు వచ్చినట్టే ఉంటుంది గానీ, ఫోనులోని ఒకే స్పీకర్‌లో వినగానే డొల్లగా మారుతుంది. మనిషి చేయి రెండోసారి వాయించినప్పుడు వచ్చే చిన్న చిన్న తేడాలే వెడల్పు. గిటార్ వాయించే మిత్రుడికి బద్ధకమైతే టీ తాగించి వాయింపించండి.

ఒకటి పూర్తిగా ఎడమకు, ఒకటి పూర్తిగా కుడికి. నాలుగు టేకులు వాయించి, నడుమ నుంచి రెండు పక్కలకూ నూరు, ఎనభై శాతాల దూరంలో పరిచే పద్ధతీ ఉంది. చేయి గడియారంలా ఉంటేనే ఆ జోలికి వెళ్ళండి. లేదంటే నాలుగు పిక్ దెబ్బలు నాలుగు క్షణాల్లో పడి రిఫ్ అంచు మొద్దుబారుతుంది. నా మటుకు రెండే చాలు. రెండోదానికి వేరే గిటార్‌నో వేరే ఐఆర్‌నో వాడితే రెండు పక్కల మధ్య మంచి తేడా వస్తుంది.

రికార్డు చేసేటప్పుడు సాఫ్ట్‌వేర్ మీటర్‌లో శిఖరాలు మైనస్ 12 డెసిబెళ్ళ దగ్గర ఉంటే చాలు. డిస్టార్షన్ లేని ముడి శబ్దాన్ని కూడా వేరుగా దాచుకోండి, రేపు ఆంప్ మార్చాలనిపిస్తే మళ్ళీ వాయించే పని ఉండదు. రిఫ్‌ల మధ్య నిశ్శబ్దాలను చేత్తో కోయండి. నాయిస్ గేట్‌కు (చిన్న శబ్దాలను తానే ఆపేసే సాధనానికి) ఆ నిశ్శబ్దం విలువ తెలియదు, స్వరం తోక కొరికేస్తుంది.

5. ఈక్యూ ముట్టకుండా లెవెల్స్

ముందు డ్రమ్స్, తర్వాత బేస్, ఆ తర్వాత గొంతు. గిటార్లు చివరన. చాలామంది గిటార్లను ముందు పెట్టి గొంతును పైన ఎక్కడో ఇరికిస్తారు, నేనూ అదే చేశాను. గొంతు నిలబడ్డాక గిటార్ ఫేడర్‌ను (వాల్యూమ్ మీటను) సున్నా నుంచి నెమ్మదిగా పైకి తెస్తూ, మాట మసకబారిన చోట ఆగి, ఒక డెసిబెల్ కిందికి దించండి. మీకు చిన్నబోయినట్టు అనిపిస్తుంది. ఆ బాధ ఓర్చుకోండి.

మీకు నచ్చిన మెటల్ పాట ఒకటి పక్క ట్రాక్‌లో పెట్టుకుని పోల్చండి. అది మాస్టరింగ్ (విడుదలకు ముందు చేసే తుది మెరుగు) అయిన పాట కాబట్టి మీదానికన్నా బాగా పెద్దగా ఉంటుంది. చెవికి సమానమయ్యేదాకా దాన్ని తగ్గించాకే పోల్చండి. శ్రద్ధగా వింటే వాళ్ళ గిటార్లు మీరు అనుకున్నదానికన్నా చిన్నగా, మధ్యశబ్దం నిండుగా ఉంటాయని తెలుస్తుంది.

6. ఇప్పుడు ఈక్యూ

మామూలు శ్రుతిలో గిటార్ అట్టడుగు తీగ 82.4 హెర్ట్జ్. డ్రాప్ సి శ్రుతిలో 65.4. మొదటిదానికి హై పాస్ ఫిల్టర్‌ను (కింది శబ్దాలను కోసేదాన్ని) 80 నుంచి 100 మధ్య, రెండోదానికి 60 నుంచి 80 మధ్య పెట్టండి. బేస్ గిటార్ మోగుతుండగా ఫిల్టర్‌ను పైకి జరుపుతూ పోయి, గిటార్ పలచబడిందనిపించగానే కాస్త వెనక్కి రండి. పై పక్క లో పాస్ ఫిల్టర్ (పై శబ్దాలను కోసేది) 10 కిలోహెర్ట్జ్ దగ్గర. దానికి పైన ఉన్నది బుసే తప్ప సంగీతం కాదు, ఆ జాగా డ్రమ్స్‌లోని తాళాలకు (సింబల్స్‌కు) వదిలేయండి.

200 నుంచి 400 హెర్ట్జ్ మధ్య బురద పేరుకుంటుంది. రెండు మూడు డెసిబెళ్ళు తీస్తే చాలు, మొత్తం తీస్తే గిటార్ అట్టపెట్టెలా మోగుతుంది. ఇక 3 నుంచి 6 కిలోహెర్ట్జ్ మధ్య ఈలలాంటి సన్నని శబ్దాలు దాక్కుంటాయి. ఈక్యూ పట్టీని బాగా ఇరుకు చేసి, పెంచి, నెమ్మదిగా జరుపుతూ వెతకండి. చెవిలో సూదిలా దిగినచోట నాలుగు డెసిబెళ్ళు తగ్గించండి. అలాంటివి రెండు, మహా అయితే మూడు. ఇరుకుగా పెంచి వెతికితే ప్రతి చోటా ఈల ఉన్నట్టే తోస్తుంది. పది గాట్లు పెడితే మిగిలేది జల్లెడ.

మధ్యశబ్దాన్ని పూర్తిగా తవ్వేసి అటూ ఇటూ పెంచే అలవాటు మెటల్ కుర్రాళ్ళకు పాత జబ్బు. గదిలో ఒంటరిగా వాయించేటప్పుడు బ్రహ్మాండంగా ఉంటుంది. పాటలో కింది భాగాన్ని బేస్, పై భాగాన్ని తాళాలు మింగేశాక గిటార్‌కు మిగిలేది ఆ మధ్యభాగమే. దాన్నే తవ్వి పారేస్తే గిటార్ ఎక్కడ నిలబడుతుంది?

7. మాటకు దారి

ఆ తల్లి ప్రశ్నకు జవాబు ఇక్కడ ఉంది. హల్లుల స్పష్టత ఎక్కువగా 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య ఉంటుంది. గిటార్ కరుకుదనం కూడా అక్కడే. పైగా తెలుగుకు ద్విత్వం ప్రాణం. "చెట్టు" అన్నప్పుడు ట్టు దగ్గర గాలి ఒక్క క్షణం పూర్తిగా ఆగుతుంది. ఆ ఆగడమే ఒత్తు. మెటల్ గిటార్ ఆ క్షణాన్ని ఖాళీగా ఉండనివ్వదు, నిండా పోసేస్తుంది. అచ్చులు బాగానే వినిపిస్తాయి, ఒత్తులు కొట్టుకుపోతాయి, మాట గుర్తుపట్టడం కష్టమవుతుంది. ఇంగ్లీషు పాటల కోసం రాసిన సూచనల్లో ఈ సంగతి దొరకదు.

రిథమ్ గిటార్లన్నిటినీ (రిఫ్‌లు వాయించేవాటిని) ఒక బస్‌లోకి, అంటే ఉమ్మడి ట్రాక్‌లోకి పంపండి. ఆ బస్ మీద డైనమిక్ ఈక్యూ (అవసరమైనప్పుడే పనిచేసే ఈక్యూ) పెట్టి, దాని సైడ్‌చెయిన్‌కు (దాన్ని నడిపే శబ్దం వచ్చే దారికి) గొంతును కలపండి. గొంతు పలికినప్పుడు గిటార్లలో 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య రెండు మూడు డెసిబెళ్ళు తగ్గాలి, గొంతు ఆగాక తిరిగి రావాలి. ఎటాక్ (తగ్గడానికి పట్టే సమయం) వేగంగా ఉంచండి. రిలీజ్‌ను (తిరిగి రావడానికి పట్టే సమయాన్ని) మాత్రం వేగంగా పెట్టకండి. 50 మిల్లీసెకన్లు పెడితే ద్విత్వం దగ్గర గొంతు ఆగీ ఆగగానే గిటార్ తిరిగి వచ్చి ఆ ఖాళీని నింపేస్తుంది. 150 నుంచి మొదలుపెట్టి చెవితో సరిచేసుకోండి.

8. పామ్ మ్యూట్, బేస్

పామ్ మ్యూట్ పడ్డప్పుడల్లా 100 నుంచి 250 హెర్ట్జ్ మధ్య ఒక ఉబ్బు వచ్చి పోతుంది. మామూలు ఈక్యూతో కోస్తే తెరిచిన స్వరాలు కూడా చిక్కిపోతాయి. మల్టీబ్యాండ్ కంప్రెసర్‌ను (ఎంచుకున్న ప్రాంతంలో పెద్ద శబ్దాన్ని అణిచేదాన్ని) ఆ ఒక్క ప్రాంతానికి పెట్టి, మ్యూట్ దెబ్బకు మాత్రమే మూడు నాలుగు డెసిబెళ్ళు తగ్గేలా థ్రెషోల్డ్ (అది పని మొదలుపెట్టే హద్దు) ఉంచండి. రిథమ్ గిటార్‌కు ఇంతకు మించి కంప్రెషన్ అక్కర్లేదు. దాని తరంగం ఇప్పటికే ఇటుకలా ఉంటుంది.

బేస్‌ను రెండు ట్రాకులుగా విడదీయడం నాకు బాగా నచ్చిన పద్ధతి. 200 హెర్ట్జ్ కిందిది శుభ్రంగా, గట్టి కంప్రెషన్‌తో కదలకుండా ఉంటుంది. పైది కాస్త డిస్టార్షన్‌తో గిటార్లకు అతుక్కుంటుంది. సరిపోయిందో లేదో చూడటం సులువు: పాట మోగుతుండగా బేస్‌ను మ్యూట్ చేయండి. గిటార్లు ఒక్కసారిగా చిక్కిపోతే పని కుదిరినట్టే. ఏ తేడా లేకపోతే గిటార్లు ఇంకా బేస్ జాగాను ఆక్రమించి ఉన్నాయని అర్థం.

9. లీడ్, ప్రతిధ్వని, కదలిక

సోలో వాయించే లీడ్ గిటార్ నడుమ ఉంటుంది. అది వాయించే చోట పాట ఉండదు కాబట్టి గొంతు జాగానే వాడుకోవచ్చు. డిలే (శబ్దం కాసేపాగి మళ్ళీ వినిపించడం) సమయానికి 60,000ను టెంపోతో (నిమిషానికి పడే మాత్రల సంఖ్యతో) భాగించండి. 140 టెంపోకు ఒక మాత్ర సుమారు 429 మిల్లీసెకన్లు, దానిలో ముప్పావు 321. ఈ రెండోది సోలోలకు అందంగా ఉంటుంది. రివర్బ్‌లోకి (గది ప్రతిధ్వనిని కలిపేదానిలోకి) వెళ్ళే శబ్దాన్ని 300 హెర్ట్జ్ కింద, 6000 పైన కోసేయండి. వేగమైన మెటల్ రిథమ్ గిటార్లకు రివర్బ్ వేయకపోవడమే మంచిది. రాక్ అయితే చిన్న గది ఛాయ కొంచెం వేయవచ్చు.

చరణంలో గిటార్లను 70 శాతానికి దగ్గరగా తెచ్చి, పల్లవిలో మళ్ళీ నూరుకు విప్పి, ఒక డెసిబెల్ పెంచండి. తలుపు తెరుచుకున్నట్టు ఉంటుంది.

10. పరీక్ష

మోనోలో (రెండు పక్కలనూ ఒకటిగా కలిపి) వినండి, నిజంగా రెండుసార్లు వాయించిన గిటార్లయితే కొంచెం తగ్గుతాయి గానీ మాయం కావు. ఫోను స్పీకర్‌లో వినండి, అక్కడ బేస్ స్వరాలు లీలగానైనా తెలియాలి. కారులో వినండి. రాత్రి మిక్స్‌ను మర్నాడు పొద్దున వినకుండా ఎవరికీ పంపకండి.

ఆఖరి పరీక్షకు పాట ఎప్పుడూ వినని మనిషి కావాలి. వాళ్ళను పక్క గదిలో కూర్చోబెట్టి, తలుపు సగం తెరిచి, చిన్న వాల్యూమ్‌లో పెట్టి, వినిపించిన పల్లవిని కాగితం మీద రాయమనండి. సాహిత్యం మీకు కంఠతా వచ్చు కనుక మీ చెవికి అన్నీ వినిపిస్తాయి, మీ తీర్పు ఇక్కడ చెల్లదు. నా ఏడో మిక్స్‌కు అలా రాయడానికి వచ్చింది మిత్రుడి పెద్దమ్మ. నాలుగు వరుసలూ రాశారు. ఒక్కచోట "పట్టం" అని ఉండాల్సింది "పటం" అని ఉంది. రిలీజ్‌ను 120 నుంచి 180కి పెంచి, ఆ వరుసను మళ్ళీ వినిపించాను. ఆమె కళ్ళద్దాలు సర్దుకుని, ట కింద ఒత్తు దిద్దారు.